నాలుక రాళ్లు: సొర పళ్లు ఏరుకునే హాబీ వెనక అసలు కథ

 

వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో ఈ ఫొటో మీ దాకా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫొటో. గుమ్మం కన్నా పెద్ద దవడ. దాని చుట్టూ అరచేతులంత పళ్లు. ఆ దవడ లోపల కోట్లు వేసుకున్న పెద్దమనుషులు దర్జాగా కూర్చుని ఉంటారు. కింద కామెంట్లలో "ఇది నిజమేనా, ఫొటోషాపా?" అని గొడవ. ఫొటో నిజమే. దవడే పూర్తిగా నిజం కాదు.

అది న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1909లో బ్యాష్‌ఫర్డ్ డీన్ అనే ఆయన నిలబెట్టిన మెగలొడాన్ దవడ. మెగలొడాన్ అంటే తెలుసుగా, ఎప్పుడో అంతరించిపోయిన రాక్షస సొరచేప. ఆ దవడలో పళ్లు అసలువి, శిలాజాలు. మిగతాదంతా తయారు చేసింది. ఆ లెక్కన ఈ సొర సుమారు 30 మీటర్లు ఉండేదన్నారు. తర్వాత వచ్చినవాళ్లు చూసి, బాబూ, పక్క పళ్లు ముందు పళ్లంత పెద్దగా ఉండవు, దవడ కూడా ఇంత ఎత్తు ఉండదు అన్నారు. ఇప్పుడు ఎక్కువ అంచనాలు 15 నుంచి 20 మీటర్ల మధ్య తిరుగుతున్నాయి, కొందరు ఇంకొంచెం పైకి వెళ్తున్నారు. సొర బానే పెద్దది, సందేహం లేదు. కానీ వేర్వేరు సొరల నోళ్లలోంచి వచ్చిన పళ్లని ఒకే నోట్లో గుచ్చితే లెక్క తప్పుతుంది.

ఇంతకీ పళ్లే ఎందుకు? మిగతా ఎముకలు ఏమయ్యాయి? ఈ ప్రశ్నకి మన కోస్తా వాళ్లు ఎవరైనా జవాబు చెప్తారు. సొర పుట్టు చేసే ఇంట్లో అడగండి, ముళ్లు ఏరుకునే బాధ ఉండదంటారు. సొరకి ఒంట్లో గట్టి ఎముక లేదు. ఉన్నదంతా మన చెవి డిప్పలో ఉండేలాంటి మృదులాస్థి. చచ్చాక అది చాలావరకు కుళ్లి పోతుంది. పన్ను మాత్రం పోదు. పైగా సొరకి పళ్లు మనలా ఒక్క సెట్టు కాదు, వరస వెనక వరస. ముందుది ఊడితే వెనకది ముందుకొస్తుంది. బతికినన్నాళ్లూ ఇదే పని, ఒక్కో సొర వేల పళ్లు రాలుస్తుంది. కోట్ల ఏళ్ల పాటు, అన్ని సముద్రాల్లో, ఇన్ని సొరలు. అందుకే వెన్నెముక ఉన్న జీవుల శిలాజాల్లో సామాన్యుడి చేతికి అందే శిలాజం ఏదైనా ఉందంటే అది సొర పన్నే. అమెరికాలో పిల్లలు బీచ్‌లో గవ్వలతో పాటు ఇవి ఏరుకుంటారు.

ఈ ఎపిసోడ్ ఆ ఏరుకోవడం గురించి. హాబీలా కనిపిస్తుంది గానీ, భూమి వయసు గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద ముక్క ఈ జేబులో వేసుకున్న పళ్లలోంచే బయటపడింది. పన్ను ఎంత పెద్దది అన్నది అందరూ చూస్తారు. అది దేంట్లో ఇరుక్కుని ఉంది అని చూసినవాళ్లు తక్కువ. కథంతా ఆ తక్కువమందిదే.

మొదట రోమ్‌కి వెళ్దాం. వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు, క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ అనే పండితుడు ఉన్నాడు కదా, ఆయన తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో ఒక రాయి గురించి రాశాడు. మనిషి నాలుకలా ఉంటుంది, నేలలో పుట్టదు, చంద్రుడు క్షీణించే వేళ ఆకాశంలోంచి రాలుతుంది అంటారు అని. దాని పేరు గ్లాసోపెట్రా, అంటే నాలుక రాయి. ఇంకో మాట, అది గాలుల్ని కూడా ఆపుతుందంటారు కాబట్టి ఇదంతా నమ్మేలా లేదని ఆయనే అన్నాడు. ఆ రెండో సగం ఎవరూ పట్టించుకోలేదు. ఫార్వర్డ్ చేసేవాళ్లు చివరి లైన్ చదవకపోవడం అప్పుడే ఉంది.

ఈ నాలుక రాళ్లకి పెద్ద మార్కెట్ మధ్యధరా సముద్రంలోని చిన్న దీవి మాల్టా. అక్కడి సున్నపురాయి మెత్తన, దాంట్లో ఇవి బోలెడు. వాటికి ఓ పురాణం కూడా తోడైంది. బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో సెయింట్ పాల్ ఓడ పగిలి మాల్టా ఒడ్డుకి చేరతాడు, చితుకులు ఏరుతుంటే పాము కాటేస్తుంది, ఆయనకేమీ కాదు. దీని మీద జనం అల్లుకున్న కథేంటంటే, పాల్ ఆ దీవి పాముల్ని శపించాడు, వాటి నాలుకలు రాళ్లయిపోయాయి అని. పాము నాలుక కాబట్టి విషానికి విరుగుడు. ముల్లుని ముల్లుతోనే తీయాలన్న లాజిక్. యూరప్ రాజులకి విందుల్లో విషం పెడతారన్న భయం ఎక్కువ. వెండితో చెట్టులా చేసి, కొమ్మలకి ఆకుల్లా ఈ పళ్లు వేలాడదీసి భోజనాల బల్ల మీద పెట్టుకునేవాళ్లు. అతిథులు పన్ను తెంపి వైన్‌లో ముంచుకుని తాగేవారు. అలాంటి చెట్టు ఒకటి ఇప్పటికీ వియన్నాలో ట్యూటానిక్ ఆర్డర్ వాళ్ల ఖజానాలో ఉంది.

నవ్వుకునే ముందు ఒక్క నిమిషం. మన పూజగదిలో సాలగ్రామం ఉంటుంది. గండకీ నది నుంచి వచ్చిన నల్ల రాయి, లోపల చక్రం. ఆ చక్రం అమ్మోనైట్ అనే సముద్రపు జీవి గుల్ల, శిలాజం. హిమాలయాలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనడానికి సాక్ష్యం మన తాతల చేతిలో తులసి నీళ్లతో అభిషేకం చేయించుకుంటూ ఉంది. నేను దాన్ని తక్కువ చేసి అనట్లేదు. శిలాజాన్ని జాగ్రత్తగా దాచడంలో భక్తికి మించిన మ్యూజియం లేదు అనిపిస్తుంది ఒక్కోసారి. దాచారు కాబట్టే తర్వాత ఎవరో అడగగలిగారు, ఇదేంటి అని.

ఆ అడిగినవాళ్లలో ఒకడు ఫాబియో కొలొన్నా, నేపుల్స్ వాడు. 1616లో నాలుక రాళ్ల మీదే ఒక చిన్న వ్యాసం వేశాడు. ఆయన చేసింది సింపుల్ పని. పన్నుని కాల్చి చూశాడు. రాయి అయితే ఒకలా కాలాలి, ఎముక అయితే ముందు బొగ్గులా మాడాలి. మాడింది. ఇది రాయి కాదు, ఒకప్పుడు ఒంట్లో ఉన్నదే అన్నాడు. ఆయన కన్నా ముందు 1550ల్లోనే రాండెలే అనే ఫ్రెంచి చేపల పండితుడు కూడా ఇవి సొర పళ్లలా ఉన్నాయన్నాడు. అంటే పోలిక కనిపెట్టడం పెద్ద విషయం కాదు. సొర నోరు ఒక్కసారి చూసిన జాలరి ఎవడైనా చెప్తాడు. అసలు చిక్కు వేరే. సొర పన్నే అనుకుందాం, మరి అది సముద్రానికి దూరంగా, కొండ మీద, రాతి లోపలికి ఎలా దూరింది? దీనికి జవాబు లేనంతకాలం "రాయే పన్నులా పెరిగింది, అది భూమి గుణం" అనేవాడి మాటే చెల్లుబాటు.

ఇప్పుడు 1666 అక్టోబర్. ఇటలీలో లివోర్నో దగ్గర జాలర్లకి ఒక భారీ సొర పడింది. అప్పటి టస్కనీ పాలకుడు, మెడిచి వంశపు గ్రాండ్ డ్యూక్ రెండో ఫెర్డినాండో ఆ తల తెప్పించమన్నాడు. ఫ్లారెన్స్‌కి వచ్చిన ఆ తలని కోసి చూసే పని ఆయన కొలువులో ఉన్న ఒక డేనిష్ కుర్రాడికి అప్పజెప్పారు. పేరు నీల్స్ స్టెన్సెన్, లాటిన్‌లో స్టెనో. వయసు 28. వైద్యం చదివాడు, శవాలు కోయడంలో దిట్ట. మన నోట్లోకి లాలాజలం వచ్చే ఒక గొట్టానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

కండరాల మీద రాస్తున్న పుస్తకానికి చివర 1667లో ఈ సొర తల రిపోర్టు తగిలించాడు. మెదడు ఇంత, కళ్లు ఇలా, చర్మంలో రంధ్రాలు అలా అని రాసుకుంటూ వెళ్లి, పళ్ల దగ్గర ఆగిపోయాడు. ఇవి మాల్టా నాలుక రాళ్లే కదా అని. అక్కడి నుంచి సొరని వదిలేసి మట్టి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు ఈ మలుపు చాలా ఇష్టం. పని ఇచ్చింది తల కోయమని, ఈయన తవ్వుతున్నది భూమిని.

ఆయన వాదన మన మాటల్లో ఇలా ఉంటుంది. ఏదైనా రాతి లోపల పెరిగితే ఏమవుతుంది? గోడలో మొలిచిన రావిమొక్కని చూశారుగా. వేరు లావయ్యేకొద్దీ గోడ పగుల్తుంది, వేరు కూడా సందు ఎలా ఉంటే అలా వంకర పోతుంది. నాలుక రాళ్లు అలా లేవు. ఏ రాతిలోంచి తీసినా ఒకే ఆకారం, నలగలేదు, వంకర పోలేదు. అంటే ఇవి రాతిలో పెరగలేదు. ఇవి వచ్చేటప్పటికి అక్కడ రాయే లేదు. మెత్తటి బురద ఉంది. బురదలో పన్ను పడింది, పైన ఇంకో బురద పడింది, తర్వాత గట్టిపడింది. మరి సముద్రపు బురద కొండ మీదకి ఎలా? ఒకప్పుడు అది నీళ్ల కింద ఉండేది, తర్వాత కదిలింది. ఈ మాటలు ఆయన గట్టిగా బల్లగుద్ది చెప్పలేదు. ఇలా అయ్యుండొచ్చు అని ఒక పక్షం వాదన వినిపించినట్టు చెప్పాడు.

1669లో ఇంకో చిన్న పుస్తకం. ఈసారి ప్రశ్న పెద్దది: ఒక గట్టి వస్తువు లోపల ఇంకో గట్టి వస్తువు ఉంటే, రెండింట్లో ముందు గట్టిపడింది ఏది? జవాబు, దేని ఆకారం దేని మీద అచ్చు పడిందో చూడు. పన్ను ఆకారం రాతి మీద పడింది, రాతి ఆకారం పన్ను మీద పడలేదు. కాబట్టి పన్ను సీనియర్, రాయి జూనియర్. ఇదే లాజిక్ పొరలకి పెట్టాడు. కింద పొర గట్టిపడకుండా పై పొర దాని మీద నిలవదు, కాబట్టి కింద ఉన్నది పాతది. ఇవాళ స్కూల్ పుస్తకంలో ఒక్క లైన్. కానీ దీనికి ముందు రాళ్లకి ముందూ వెనకా అన్న ఆలోచనే సరిగ్గా లేదు. కొండని పేజీల్లా తిరగేసి, కింద పేజీ ముందు రాసిందని చదవడం ఇక్కడ మొదలైంది. నూనె బావి తవ్వినా, సింగరేణిలో బొగ్గు పొర వెతికినా ఇప్పటికీ మొదటి రూల్ ఇదే. ఆ తర్వాత ఈయన రాళ్లు వదిలేసి మతగురువు అయిపోయాడు, బిషప్ అయ్యాడు, 48 ఏళ్లకే 1686లో పోయాడు. 1988లో పోప్ ఆయన్ని "బ్లెస్డ్"గా ప్రకటించారు. సైన్సుకీ చర్చికీ ఎప్పుడూ కత్తులు దూసుకోవడమే అనుకునేవాళ్లు ఈయన జీవితం ఒకసారి చూడాలి.

స్టెనో గురించి చాలా వీడియోలు ఉన్నాయి. కానీ అదే సమయంలో ఇంకొకడు ఉన్నాడు, ఈ హాబీకి అసలు మూలపురుషుడు నా దృష్టిలో ఆయనే. అగొస్తినో షిల్లా. సిసిలీలో మెస్సినా పట్టణం, వృత్తి చిత్రకారుడు. శిలాజాలు పోగుచేసే పిచ్చి. 1670లో ఒక పుస్తకం వేశాడు, దాని పేరు తెలుగులో చెప్పాలంటే "కంటితో చూస్తే తేలిపోయిన ఉత్త ఊహలు". పేరులోనే వెటకారం. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు రావు, నేను బొమ్మలేసేవాణ్ణి, కళ్లు పెట్టి చూస్తాను అన్నది ఆయన ధోరణి. మాల్టా పళ్లు, గుల్లలు, సముద్రపు ఉర్చిన్లు ఒక్కొక్కటీ గీశాడు. అందమైనవే కాదు, విరిగినవీ ముక్కలైనవీ కూడా గీశాడు. అక్కడే ఉంది కిటుకు. భూమి సరదాకి పన్ను ఆకారం పెంచేదైతే విరిగిన పన్ను ఎందుకు పెంచుతుంది? విరిగిందంటే దానికి ముందు ఒక జీవితం ఉంది.

షిల్లా పోగుచేసిన శిలాజాల్ని తర్వాత జాన్ వుడ్‌వర్డ్ అనే ఇంగ్లిష్ కలెక్టర్ కొన్నాడు. 1728లో వుడ్‌వర్డ్ చనిపోయాక అవి కేంబ్రిడ్జి యూనివర్సిటీకి చేరాయి. ఇప్పటికీ సెడ్జ్‌విక్ మ్యూజియంలో ఉన్నాయి, ఆయన గీసిన బొమ్మలతో సహా. 350 ఏళ్ల కిందట ఒక పెయింటర్ గీసిన పన్ను పక్కన అదే పన్ను పెట్టి పోల్చుకోవచ్చు. కలెక్షన్ అంటే ఇదీ. వస్తువు ఒక్కటే కాదు, దాని రికార్డు కూడా.

తర్వాతి 150 ఏళ్లు గబగబా దాటేద్దాం. 1833 నుంచి 1843 దాకా లూయి అగస్సీ అనే స్విస్ శాస్త్రవేత్త చేపల శిలాజాల మీద భారీ గ్రంథం వేశాడు. మెగలొడాన్ అన్న పేరు ఆయన పెట్టిందే, గ్రీకులో "పెద్ద పన్ను". మొత్తం జంతువుకి పన్ను పేరే పెట్టాల్సి వచ్చింది, ఇంకేం దొరికింది గనక.

ఈ పళ్లు మామూలు జనం చేతికి ఎక్కువగా రావడానికి కారణం సైన్సు కాదు, ఎరువు. 1860ల్లో సౌత్ కరోలినాలో చార్ల్‌స్టన్ చుట్టుపక్కల ఫాస్ఫేట్ తవ్వకాలు మొదలయ్యాయి. 1881లో ఫ్లోరిడాలో పీస్ రివర్ దగ్గర అమెరికా సైన్యపు ఇంజనీరు ఒకాయన ఫాస్ఫేట్ గులకరాళ్లు కనిపెట్టాడు. పొలాలకి ఎరువు కోసం నది అడుగు తోడుతుంటే, దాంతో పాటు బుట్టలకొద్దీ సొర పళ్లు. పళ్లు, ఎముకలు కూడా ఫాస్ఫేటే కదా, ఒకే చోట ఉండటంలో వింతలేదు.

ఇప్పుడు ఆ పీస్ రివర్ ఈ హాబీకి తీర్థక్షేత్రం. వానలు తగ్గి నీళ్లు మోకాళ్లదాకా వచ్చినప్పుడు జనం పార, జల్లెడ పట్టుకుని దిగుతారు. ఒక పార గులకరాయి జల్లెడలో పోయడం, నీళ్లలో ఆడించడం, నల్లగా మెరిసేది ఏరుకోవడం. మన ఇంట్లో బియ్యంలో రాళ్లేరడానికి రివర్స్. పన్ను నల్లగా ఉండటానికి కారణం వయసు కాదు, అది నానిన మట్టిలోని ఖనిజాలు. ఒక చోట బూడిద రంగు, ఒక చోట నారింజ, ఒక చోట నీలి ఛాయ. అదే రాష్ట్రంలో వెనిస్ అనే ఊరు తనని తాను ప్రపంచ సొర పళ్ల రాజధాని అని చెప్పుకుంటుంది. అక్కడ సముద్రపు ఒడ్డున జల్లెడ పట్టే గరిటెకి జనం పెట్టుకున్న ముద్దుపేరు "ఫ్లోరిడా మంచు పార". మంచే పడని చోట, పాపం.

రూల్స్ కూడా ఉన్నాయి. ఫ్లోరిడాలో ప్రభుత్వ భూమిలో, నది అడుగున వెన్నెముక జీవుల శిలాజాలు తీయాలంటే స్టేట్ మ్యూజియం ఇచ్చే పర్మిట్ కావాలి, దొరికినవి వాళ్లకి చెప్పాలి. సొర పళ్లకి మాత్రం మినహాయింపు, అన్ని ఉన్నాయి మరి. మేరీల్యాండ్‌లో కాల్వర్ట్ క్లిఫ్స్ పార్కులో బీచ్ మీద పడినవి ఏరుకోవచ్చు, కొండచరియ కిందకి వెళ్లకూడదు, తవ్వకూడదు, విరిగి మీద పడుతుంది. మాల్టాలో అయితే శిలాజాలు సాంస్కృతిక వారసత్వం కింద చట్టరక్షణలో ఉన్నాయి, జేబులో వేసుకోవడం కుదరదు.

నదిలో ఏరడంలో సరదా ఉంది గానీ ఒక లోటు కూడా ఉంది. నది అన్నీ కలిపేస్తుంది. ఒకే జల్లెడలో మెగలొడాన్ పన్నూ పడుతుంది, మంచుయుగపు ఏనుగు దంతం ముక్కా పడుతుంది. రెండింటి మధ్య లక్షల ఏళ్ల తేడా. పక్కపక్కన దొరికాయని పక్కపక్కన బతికాయి అనుకుంటే అంతే సంగతులు. స్టెనో చెప్పిన పేజీలన్నీ చింపి కుప్ప పోసినట్టు. మా సాఫ్ట్‌వేర్ భాషలో టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైల్ అది. ఎర్రర్ మెసేజ్ కళ్ల ముందే ఉంటుంది, ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ఎప్పుడు" అన్నది తప్పితే ఏమవుతుందో మీకు బాగా తెలిసిన ఉదాహరణే చెప్తాను. "మెగలొడాన్ ఇంకా బతికే ఉంది" వీడియోలు. ఆ కబురుకి ఒక పుట్టుక ఉంది. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ప్రపంచ సముద్రాలన్నీ చుట్టి అడుగు మట్టి తోడింది. పసిఫిక్‌లో నాలుగు కిలోమీటర్లకి పైగా లోతులో మెగలొడాన్ పళ్లు పైకొచ్చాయి, పైన మాంగనీస్ పొర పట్టి ఉంది. 1959లో చెర్నెట్స్కీ అనే శాస్త్రవేత్త ఆ పొర మందం చూసి, ఇది ఇంత వేగంతో పేరుకుంటుంది అనుకుంటే ఈ పళ్ల వయసు ఒకటి సుమారు 24 వేల ఏళ్లు, ఇంకోటి 11 వేల ఏళ్లు అని లెక్కేశాడు. 11 వేల ఏళ్లంటే నిన్నమొన్నే కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు ఉండకూడదు?

లెక్క తప్పు కాదు, అనుకున్న వేగం తప్పు. లోతు సముద్రంలో మాంగనీస్ పొర పేరుకునే వేగం పది లక్షల ఏళ్లకి కొన్ని మిల్లీమీటర్లు. అక్కడ మట్టి పడేది కూడా చాలా నిదానం, వెయ్యేళ్లకి ఒక మిల్లీమీటరు లాంటిది. అందుకే లక్షల ఏళ్లనాటి పన్ను కూడా పూడకుండా పైనే ఉండి, నిన్న ఊడిపడినట్టు కనిపిస్తుంది. మిగతా ప్రపంచంలో పొరల మధ్య దొరికిన పళ్లన్నీ కలిపి చూస్తే మెగలొడాన్ అంతరించి సుమారు 36 లక్షల ఏళ్లు అని 2019లో ఒక పరిశోధన వచ్చింది. పేరున్న టీవీ ఛానల్ ఒకటి 2013లో నటుల్ని శాస్త్రవేత్తలుగా పెట్టి "బతికే ఉంది" అని రెండు గంటల షో చేసింది. కల్పితమని చివర్లో కనిపించీ కనిపించకుండా వేశారు. ప్లినీ చివరి లైన్ గుర్తొచ్చిందా?

ఇక కలెక్టర్లు సరిగ్గా చేస్తే ఏం జరుగుతుందో చూద్దాం. 1988లో పెరూ దేశపు ఎడారిలో, పిస్కో అనే రాతి పొరల్లో ఒక సొర దొరికింది. 222 పళ్లు దవడలోనే వరసగా ఉన్నాయి, 45 వెన్నుపూసలు కూడా. సొరలో ఇది లాటరీ తగలడమే. దాన్ని ఫ్లోరిడాలో జంతువుల డాక్టరైన గోర్డన్ హబ్బెల్ అనే కలెక్టర్ కొన్నాడు, 2009లో ఫ్లోరిడా మ్యూజియంకి ఇచ్చేశాడు. ఒక దేశపు శిలాజాన్ని ఇంకో దేశం మనిషి కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లడం నాకు నచ్చే విషయం కాదు. కానీ ఆయన ఒక పని చేశాడు: అది ఏ చోట దొరికిందో ఆ వివరం పోనివ్వలేదు. పరిశోధకులు మళ్లీ ఆ చోటికే వెళ్లారు, ఆ రాయి వయసు మళ్లీ కట్టారు. అంతకుముందు 45 లక్షల ఏళ్లు అనుకున్నది సుమారు 65 లక్షలని తేలింది.

ఆ 20 లక్షల ఏళ్ల తేడా ఎందుకంత ముఖ్యం? ఇప్పటి గ్రేట్ వైట్ సొర మెగలొడాన్‌కి చుట్టమా, లేక మాకో అనే ఇంకో సొరకి చుట్టమా అని చాలాకాలం పేచీ. గ్రేట్ వైట్ పన్ను అంచు రంపంలా ఉంటుంది, మెగలొడాన్‌దీ అంతే. మాకోది నున్నగా కత్తిలా ఉంటుంది. పెరూ సొర పన్ను రెండింటి మధ్యలో ఉంది, రంపం అప్పుడే మొదలవుతున్నట్టు సన్న గాట్లు. వయసు కూడా సరిగ్గా మధ్యలో కుదిరింది. గ్రేట్ వైట్ మాకో వైపు వంశమే అన్న వాదనకి అది బలమైన సాక్ష్యం అయింది. 2012లో దానికి కొత్త జాతిగా పేరు పెట్టారు, కార్కరొడాన్ హబ్బెల్లై అని, ఆ కలెక్టర్ పేరు మీద. మొదట్లో చెప్పిన డీన్ దవడతో పోల్చండి. అక్కడ ఎవరి పన్నో ఎవరి నోట్లోనో. ఇక్కడ ఒకే జంతువు, ఒకే చోటు, వరస చెదరలేదు. మెగలొడాన్‌కి కూడా అలా ఒకే సొర తాలూకు దాదాపు పూర్తి పళ్ల సెట్టు జపాన్‌లోని సైతామాలో దొరికింది, 1989లో ప్రచురించారు. ఫొటోలో మనుషులు కూర్చునే దవడ కన్నా నాకు అది గొప్పది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇక్కడో చిన్న మాట. మొరాకో ఫాస్ఫేట్ గనుల పళ్లు చవగ్గా దొరుకుతాయి, చాలావరకు పన్ను అసలుదే. దాని చుట్టూ ఉన్న "రాయి" మాత్రం తరచుగా ఇసక, జిగురు కలిపి అతికించింది. రెండు మూడు పళ్లు ఒకే రాతిలో అందంగా పేర్చి ఉంటే అనుమానించండి. పెద్ద మెగలొడాన్ పళ్లకి విరిగిన మూలలు పుట్టీతో కట్టి రంగేయడం కూడా ఉంది. స్టెనో 350 ఏళ్ల కిందట రాయి చూసి పన్ను కథ చెప్పాడు. ఇప్పుడు రాయే నకిలీ.

మన దగ్గర ఉన్నాయా అంటే, ఉన్నాయి. మెగలొడాన్ కాదు, దానికన్నా చాలా చాలా పాతవి. పాత ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత, గోదావరి లోయలో మలేరి రాళ్లని ఒక పొర ఉంది, 20 కోట్ల ఏళ్లు దాటినది. దాంట్లో మంచినీటి సొరల పళ్లు ఉన్నాయి. అవును, నదుల్లో, చెరువుల్లో తిరిగిన సొరలు. జీనకాంత్ అంటారు, పన్నుకి రెండు కొమ్ములుంటాయి. 1980లో సోహన్ లాల్ జైన్ వీటి మీద పేపర్ వేశారు. ఆ పైన ఉన్న కోటా రాళ్లలో, డైనోసార్ల కాలంలో, లోంకీడియన్ అనే చిన్న సొర. దాన్ని 1986లో కొత్త జాతిగా వర్ణించింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన పి. యాదగిరి గారు. రెండేళ్ల తర్వాత కోటాసారస్ డైనోసార్‌కి పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది, మీలో చాలామంది స్కూల్ టూర్‌లో దాని ముందు ఫొటో దిగే ఉంటారు.

డైనోసార్ కనిపించింది, సొర కనిపించలేదు, ఎందుకంటే ఆ సొర పన్ను అగ్గిపుల్ల తలకాయంత ఉంటుంది. బస్తాలకొద్దీ మట్టి తెచ్చి, నానబెట్టి, సన్న జల్లెడ పట్టి, మిగిలింది మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కొక్క రేణువూ చూస్తే దొరుకుతుంది. పీస్ రివర్‌లో జరిగే పనే, ఇంకొంచెం సన్న జల్లెడతో. తేడా ఏంటంటే ఏ బస్తా ఏ పొర నుంచి వచ్చిందో ప్రతి దాని మీదా రాసి ఉంటుంది. ఆ రాత లేకపోతే నదీ సొర అన్న మాటే బయటికి రాదు. చేతిలో పన్ను ఉంటుంది, అది నదిలో ఊడిందో సముద్రంలో ఊడిందో పన్ను చెప్పదు, పొర చెప్తుంది.

మన దేశంలో శిలాజ స్థలాల్ని కాపాడటానికి ప్రత్యేకంగా ఒక బిల్లు ముసాయిదాని 2022 డిసెంబర్‌లో కేంద్రం జనం ముందు పెట్టింది. అంతలోపు ఆసిఫాబాద్ వైపో ఇంకెక్కడో మీకు రాతిలో పన్నులాంటిది కనిపిస్తే, పీకొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, లొకేషన్ పిన్ సేవ్ చేయండి, రాతి పొర మొత్తం కనిపించేలా దూరం నుంచి ఇంకో ఫొటో తీయండి. బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత ఆఫీసు ఉంది, వాళ్లకి పంపండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ కోటాసారస్ తవ్వకం కథే చెప్పుకుందాం, చాలామంది అడిగారు. ఉంటాను మరి.